వేసవంతా పుస్తకం ముట్టలేదు

ప్రశ్న: మా అబ్బాయికి ఇంట్లోనే చదువు చెబుతున్నాం. వేసవంతా పుస్తకం ముట్టలేదు. రాత్రుళ్లు చంద్రుణ్ణి చూసి బొమ్మలు గీశాడు, పక్కన టైము రాసుకున్నాడు. ఇప్పుడు బడులు తెరిచారు. వాడు వెనకబడ్డాడా?

జవాబు: లేదమ్మా. ఆ బొమ్మలతోనే మొదలుపెట్టండి. చంద్రోదయం రోజుకు సగటున 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సుమారు 29.5 రోజులు. ఈ సంఖ్యలు మీరు చెప్పకండి, వాడు రాసుకున్న వేళల్లోంచి వాణ్ణే తీయనివ్వండి. మా అమ్మాయికి దశాంశాలు అలాగే పట్టుబడ్డాయి, నాకెంత సంతోషమేసిందో! ఎక్కాలు మరచిపోయి ఉంటే పొద్దున్నే కాసేపు వల్లె వేయించండి, చాలు. బడి గంటల ప్రకారం రోజంతా కూర్చోబెట్టవద్దు. ఒక్క పిల్లవాడికి అంతసేపు అక్కర్లేదు.