నాన్న మాట మీద జరిపిన బోదె

భీమవరం దగ్గర పల్లె నుంచి ఒకాయన రాశారు. వాళ్ళ ఎకరంన్నరకి నీళ్ళు పక్క చేను మధ్యలోంచి వచ్చే బోదె (చిన్న పంటకాలువ) మీదే, తాతల నాటి నుంచీ అంతే. తొమ్మిదేళ్ళ క్రితం పక్క చేను పెద్దాయన (బాబాయి అని పిలుస్తారు, చుట్టరికం లేదు) ట్రాక్టరుకి అడ్డంగా ఉంది, బోదెని తూర్పు గట్టు వారకి జరుపుకుంటానంటే ఈయన నాన్నగారు సరే అన్నారు. కాగితం రాసుకోలేదు. నాన్నగారు పోయి రెండేళ్ళు. ఇప్పుడు బాబాయి కొడుకు ఆ గట్టు వార కొబ్బరి మొక్కలు పెట్టి బోదె పూడ్చేశాడు, "ఇది మేం దయతలచి ఇచ్చిన దారి" అంటున్నాడట. ఆకుమడి ఎండుతోంది, ఈయన పార పట్టుకుని వెళ్ళి గొడవపడ్డారు, భార్య పొలం అమ్మేద్దామంటోంది. కేసు వెయ్యాలా అని అడుగుతున్నారు.

ముందు ఆకుమడి చూడండి. దగ్గర్లో ఇంకో బోదె ఉంటే వాళ్ళని అడిగి ఇంజను పెట్టి తోడుకోండి, అద్దె, డీజిలు ఖర్చు తేదీలతో రాసిపెట్టండి, పూడ్చిన చోట ఫొటోలు తీయండి. నారు బతికితే మీకు మాట్లాడే ఓపిక ఉంటుంది.

పార మాత్రం మళ్ళీ పట్టుకెళ్ళొద్దు. రాత్రిపూట వెళ్ళి గట్టు తెంపేద్దామనే ఆలోచన వస్తుంది, నాకు తెలుసు, అలా తెంపిన మర్నాడు ఊళ్ళో అందరూ మీ తప్పే మాట్లాడతారు. సాగునీళ్ళు తగ్గేలా కావాలని నష్టం చేస్తే భారతీయ న్యాయ సంహిత 326వ సెక్షన్ కింద ఐదేళ్ళ దాకా శిక్ష ఉంది. అది అతనికీ వర్తించవచ్చు, కానీ మొదటి మాటే పోలీసు స్టేషన్‌లో మొదలైతే మీ అమ్మగారు, ఆ పిన్నిగారు ఇక ఈ జన్మలో పలకరించుకోరు.

ఇక హక్కు సంగతి. గ్రామ సర్వేయర్ని అడిగి ఆ సర్వే నంబరు ఎఫ్‌ఎంబీ స్కెచ్ (పొలం కొలతల పటం) తీసుకోండి. బోదె అందులో ప్రభుత్వ కాలువగా ఉంటే దాన్ని జరిపే అధికారం మీ నాన్నగారికీ లేదు, ఆ బాబాయికీ లేదు, అప్పుడు నీటి సంఘం, ఇరిగేషన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) దగ్గరికి వెళ్ళాలి. సొంత భూమిలో బోదె అయితే 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం (ఇంకొకరి భూమిలోంచి దారి, నీళ్ళు వాడుకునే హక్కు గురించినది) చూస్తారు. 20 ఏళ్ళు ఆటంకం లేకుండా, అందరికీ తెలిసేలా, ఒకరి దయ మీద కాకుండా హక్కుగా వాడుకుంటే ఆ దారిన నీళ్ళు పారించుకునే హక్కు మీకు వస్తుంది. ఆ అబ్బాయి పట్టుకున్నది "దయ" అనే ముక్కనే, పైగా కొత్త దారికి తొమ్మిదేళ్ళే. కాబట్టి ఇది కొత్తగా ఇచ్చిన దారి కాదు, పాత హక్కునే వాళ్ళు అడిగితే చోటు మార్చుకున్నాం అని మీరు చూపించాలి. ఆ రోజు కొత్త బోదె తవ్విన కూలీలు, ఏటా పూడిక తీసినవాళ్ళు, పాత నీటి తీరువా రసీదులు, అడంగల్ (ఊరి పంటల రికార్డు), ఇవన్నీ ఇప్పుడే పోగు చేయండి. ఒక్కటి గుర్తుంచుకోండి, అడ్డు పెట్టారని తెలిశాక ఏడాది పాటు ఊరుకుంటే ఆ 20 ఏళ్ళ లెక్కే తెగిపోవచ్చు. అందుకే ఈ నెలలోనే లాయరుతో ఒక నోటీసు పంపండి, మర్యాదగానే.

నోటీసు కంటే ముందు మాత్రం ఆ పెద్దాయన దగ్గరికి వెళ్ళండి. కొడుకుతో కాదు, ఆయనతో మాట్లాడాలి, మాట ఇచ్చిపుచ్చుకున్నది ఆయనే. మీ ఉత్తరంలో నీళ్ళ గురించి నాలుగు వాక్యాలుంటే "మా నాన్న మాటకి విలువ లేదా" అని మూడుసార్లు ఉంది. మీకు తగిలింది అక్కడ. అది ఆయన ముందు చెప్పండి. అమ్మగారిని తీసుకెళ్ళండి. "బాబాయ్, ఆ రోజు నాన్నా నువ్వూ గట్టు మీద నిలబడి ఏం అనుకున్నారో ఒకసారి మీ వాడికి చెప్పు" అని అడిగి ఊరుకోండి. మధ్యలో మీరు అందుకోవద్దు.

ఆ అబ్బాయి ఇబ్బంది కూడా వినండి. బోదె ఊట వల్ల గట్టు జారి వాళ్ళ చేను వార ఏటా కాస్త పోతుంటే అది నిజమైన నష్టమే. అప్పుడు భూమిలోంచి పైపు వేద్దామనండి, ఖర్చు సగం సగం. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు వెయ్యాలి, మట్టి కప్పేముందు ఒక తడి పారించి మీ చివరి మడి దాకా నీళ్ళు ఎంతసేపటికి వచ్చాయో ఇద్దరూ నిలబడి చూసుకోవాలి, కప్పేశాక సన్న పైపు అని తెలిస్తే మళ్ళీ ఇదే గొడవ. ఈ సార్వాకి మాత్రం పూడ్చింది తీయించాలి, దాంట్లో తగ్గొద్దు.

ఒప్పుకుంటే ఈసారి కాగితం రాయండి. దారి ఎటు, వెడల్పు ఎంత, పూడిక ఎవరు తీయాలి, చేను అమ్మినా కొన్నవాళ్ళు ఒప్పుకోవాలి అని రాసి, స్కెచ్ జతచేసి రిజిస్ట్రేషన్ చేయించండి. కుదరకపోతే మీ కోర్టు దగ్గరి న్యాయ సేవల కమిటీలో కేసు వేయకుండానే లోక్ అదాలత్‌కి అర్జీ ఇవ్వచ్చు, అక్కడ ఇద్దరూ ఒప్పుకున్నది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. 15100కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. ఇవేవీ కాకపోతేనే ఇంజంక్షన్ దావా, అంటే నీళ్ళకి అడ్డు పెట్టొద్దని ఉత్తర్వు ఇమ్మని కోర్టుని అడగడం.

మీ భార్య అమ్మేద్దాం అన్నది మీరు పార తీసుకుని బయటికి వెళ్ళిన రోజునే కదా. ఆవిడ ఆ రోజు ఎంత భయపడిందో ఇప్పటిదాకా మీరు అడగలేదనుకుంటా. ఈ రాత్రి అడగండి. పొలం అమ్మే మాట ఊడ్పులయ్యాక మాట్లాడుకుందామని చెప్పండి.