చమురు తెట్టు వస్తుంటే ముందు మొగ కాయాలి

ప్రశ్న: నిజాంపట్నం వైపు మా బంధువులకు రొయ్యల చెరువులున్నాయి. నడిసముద్రంలో ఓడ నుంచి కారిన చమురు ఇటు వస్తోందంటే ఏం చేయాలి? వరిగడ్డి పరిచి, సర్ఫు నీళ్లు కొడితే చాలంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: సర్ఫు నీళ్లు వద్దే వద్దు. సబ్బు చమురును తీసెయ్యదు, కంటికి కనపడకుండా నీళ్లలో కలిపేస్తుంది. పైన తేలుతున్నంతసేపూ ఎత్తిపోయొచ్చు, కలిశాక అది రొయ్య మొప్పలకే చేరుతుంది. సముద్రంలో చల్లే డిస్పర్సెంట్ (చమురును చిన్న బొట్లుగా విడగొట్టే మందు) పనీ ఇలాంటిదే. అందుకే దాన్ని లోతున్న చోట, కోస్ట్ గార్డ్ అనుమతితోనే, సుమారు 20 పాళ్ల చమురుకు ఒక పాలు చొప్పున వాడతారు.

కబురు అందగానే చెరువులకు నీళ్లు తోడే మోటార్లు ఆపి తూములు మూయించండి. తెట్టు కనపడేదాకా ఆగొద్దు. చమురు నీటి ప్రవాహంతో పాటు పోతూ, గాలి వేగంలో దాదాపు 3 శాతం చొప్పున అదనంగా జరుగుతుంది. ఒడ్డుకేసి గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తుంటే, గాలి ఒక్కటే పది గంటల్లో 9 కిలోమీటర్లు తోసుకొస్తుంది. తెట్టు చూసినవారు కోస్ట్ గార్డ్ నంబరు 1554కు ఫోన్ చేసి, ఎక్కడ, ఎంత మేర, ఏ రంగులో ఉందో చెప్పాలి. రంగు ముఖ్యం. వెండిలా మెరిసే పొరలో చదరపు కిలోమీటరుకు సుమారు 300 లీటర్లకు మించి ఉండదు. నల్లటి, గోధుమరంగు ముద్దలున్న చోటే అసలు చమురు ఉన్నట్టు.

ఇక మొగ, అంటే ఏరు, కాలువ సముద్రంలో కలిసే చోటు. తేలే బూమును (చమురును ఆపే పొడవాటి అడ్డుకట్టను) మొగకు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సూటిగా అడ్డం కట్టడం తరచూ జరిగే పొరపాటు. నీరు సెకనుకు 35 సెంటీమీటర్లు దాటి బూమును సూటిగా తాకితే, చమురు దాని అంచు కిందనుంచి దూరిపోతుంది. ఒక కొబ్బరికాయను నీళ్లలో వదిలి చూడండి. 10 మీటర్లు పోవడానికి అర నిమిషం కూడా పట్టలేదంటే అడ్డంగా కట్టిన బూము చమురును ఆపదు. పావు నిమిషంలో పోతే, ప్రవాహానికి 30 డిగ్రీల ఏటవాలుగా కట్టి, చమురును నీరు నెమ్మదించిన ఒడ్డుకు మళ్లించాలి. స్కిమ్మర్ (పైన తేలే చమురును తీసే యంత్రం), పంపు అక్కడే ఉండాలి. పోటుకు, పాటుకు ప్రవాహం తిరగబడుతుంది కాబట్టి లంగర్లు రెండు వైపులా వేయాలి.

అన్నిటినీ కాపాడలేని పరిస్థితి వస్తే ఇసుక తీరాన్ని వదిలి మొగను కాపాడడమే సరైన పని. ఇసుకను పారతో గీరొచ్చు. మొగ లోపలి మడచెట్ల శ్వాసవేళ్లకు అంటిన చమురును గీరలేం. శుభ్రం చేద్దామని జనం దిగితే కాళ్లతో దాన్ని బురదలోకి ఇంకా తొక్కేస్తారు.

వరిగడ్డి కొంత పనికొస్తుంది. అయితే అది నీళ్లు కూడా పీల్చి మునుగుతుంది. పాత వలలో చుట్టి కట్టలుగా వేస్తే తిరిగి లాగొచ్చు. విడిగా చల్లితే ఆ చెత్త ఏరడమే పెద్ద పని. తీరం మీద పైపొర మాత్రమే గీరి, సంచికి 10–15 కిలోలే నింపాలి. ట్రాక్టరు దించితే చక్రాలు చమురును ఇసుక అడుక్కి నొక్కేస్తాయి. అలల్లో నలిగిన చమురు నీళ్లు కలుపుకుని మూడు, నాలుగు రెట్లు పెరుగుతుంది. తీసిన చమురు పోసే గుంటలు, వాటిలో పరిచే పట్టాలు ఆ లెక్కనే సిద్ధం చేయాలి.

ప్రశ్న: ఓడ నుంచి పడిన కంటైనర్ సూర్యలంకకు కొట్టుకొస్తే దగ్గరికి వెళ్లొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వెళ్లకూడదు. 2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన ఎంఎస్‌సీ ఎల్సా 3లో 640 కంటైనర్లుంటే, 12 కంటైనర్లలో కాల్షియం కార్బైడ్ ఉంది. మామిడికాయలు మగ్గబెట్టడానికి వాడకుండా నిషేధించిన కార్బైడే ఇది. తడి తగిలితే మండే ఎసిటిలీన్ వాయువు పుడుతుంది. 200 మీటర్ల దూరంలోనే ఆగి 112కు చెప్పండి. తెల్లటి ప్లాస్టిక్ గుళికలు కొట్టుకొస్తే అధికారులు చెప్పాక, అలలు చేరిన గీత వెంబడి చేత్తోనే ఎత్తి జల్లెడ పట్టాలి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక అది, యంత్రాలు దించకూడదు.