సినిమాలతో అమెరికా చరిత్ర: అప్పు చేసి ఎంఏకి పంపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఏ హిస్టరీ ఆఖరి సంవత్సరం. సినిమాల ద్వారా అమెరికా చరిత్ర చదువుతానని, అక్కడే ఎంఏ చేస్తానని పట్టుబడుతోంది. ఇది చదువేనా? అప్పు చేసైనా పంపమంటారా?

జవాబు: చదువే, చాలా ఓపిక అడిగే చదువు. అప్పు విషయంలో మాత్రం తొందరపడకండి.

చారిత్రక సినిమాకు రెండు కాలాలుంటాయి: కథ జరిగిన కాలం, సినిమా తీసిన కాలం. ఈ రెండోదాన్ని పట్టుకోవడమే అసలు పని. 1915 నాటి ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’ అంతర్యుద్ధం, ఆ తర్వాతి ఏళ్ల కథ. తెల్లజాతి ఆధిపత్యం కోసం హింసకు దిగిన రహస్య ముఠా కూ క్లక్స్ క్లాన్‌ను రక్షకులుగా చూపించే ఆ సినిమాను నమ్మి 1860ల గురించి రాస్తే తప్పులో కాలేసినట్టే. 1915 గురించి మాత్రం అది గట్టి సాక్ష్యం: ఆ ఏడాదే జార్జియాలో క్లాన్ మళ్లీ ప్రాణం పోసుకుంది, సినిమాను ఆపాలని నల్లజాతీయుల హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ పోరాడింది. నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో 1920లో తీసిన ‘వితిన్ అవర్ గేట్స్’ను దాని పక్కన పెట్టి చూడమనండి. రెండింటికీ కాపీరైట్ గడువు తీరింది, ఉచితంగా దొరుకుతాయి.

ముందు ఇంట్లోనే మూడు నెలలు ఈ పని చేయించండి. ‘లింకన్’ (2012) సినిమాను ఆపకుండా ఒకసారి చూడాలి. తర్వాత బానిసత్వాన్ని రద్దుచేసే రాజ్యాంగ 13వ సవరణపై ఓటింగ్ ఘట్టాన్ని మాత్రం నిమిషాలు, సెకన్లతో సహా రాసుకోవాలి. ఆపైన 1865 జనవరి 31 నాటి ఓట్లను అమెరికా పార్లమెంటు అప్పటి చర్చల రికార్డు ‘కాంగ్రెషనల్ గ్లోబ్’లో వెతకాలి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉంది. 119–56తో నెగ్గిందన్నది రికార్డుతో సరిపోలుతుంది. కానీ సినిమాలో కనెక్టికట్ సభ్యులిద్దరు వ్యతిరేకంగా ఓటేస్తారు. నిజానికి ఆ రాష్ట్రం నలుగురూ అనుకూలమే.

చాలామంది విద్యార్థులు ఇక్కడే ఆగిపోతారు. తప్పుల జాబితా రాసి పరిశోధన అయిపోయిందనుకుంటారు. ఎందుకు మార్చారు, ఆ మార్పుతో ప్రేక్షకుడికి ఏమనిపించింది, 2012లో ఈ కథ ఎవరికి అవసరమైంది అని అడిగితేనే అది వ్యాసం. అలాంటిది 15–20 పేజీలు ఇంగ్లిష్‌లో రాయగలిగితే, యూనివర్సిటీలు అడిగే రైటింగ్ శాంపిల్ చేతికొచ్చినట్టే.

ఇక డబ్బు. అమెరికాలో హిస్టరీ ఎంఏకి ఆర్థిక సాయం తక్కువ. పీహెచ్‌డీకి ఫీజు మాఫీ, స్టైపెండ్ ఇచ్చేవి చాలా ఉన్నాయి. చరిత్ర స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కోర్సు కాదు కనుక చదువయ్యాక అక్కడ పనిచేసే అనుమతి (ఓపీటీ) 12 నెలలే, ఇంజినీరింగ్ వాళ్లకొచ్చే అదనపు 24 నెలలు రావు. ఆ ఏడాది జీతంతో అప్పు తీరదు. పైగా మూడేళ్ల బీఏను అన్ని యూనివర్సిటీలూ ఒప్పుకోవు. అందుకే ఎంఏ ఇక్కడ చేయించి, పీహెచ్‌డీకి పంపడం మేలు. హైదరాబాద్‌లో ఉస్మానియా ఆవరణలోని ఓయూసీఐపీ (ఉస్మానియా యూనివర్సిటీ సెంటర్ ఫర్ ఇంటర్నేషనల్ ప్రోగ్రామ్స్) ఒకప్పటి అమెరికన్ స్టడీస్ రీసెర్చ్ సెంటర్. దాని గ్రంథాలయంలో అమెరికా చరిత్ర పుస్తకాలు విస్తారంగా ఉన్నాయి.

ఆమెకు పాఠాలు చెప్పడం కన్నా పాత రీళ్లను కాపాడటం మీద మనసుంటే దారి వేరు. న్యూయార్క్ రాష్ట్రం రోచెస్టర్‌లోని జార్జ్ ఈస్ట్‌మన్ మ్యూజియం 1996 నుంచి ఫిల్మ్ పరిరక్షణ నేర్పుతోంది. ఆ మాట ఇప్పుడే అడిగి తెలుసుకోండి.