ఆటోలిస్ప్ నేర్చుకుంటానంటున్నాడు, పైథాన్‌లో చేర్పించమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి సివిల్‌లో డిప్లొమా చేశాడు. ఏడాదిన్నరగా విజయవాడలో ప్లాట్ల లేఔట్లు గీసే ఆఫీసులో ఆటోక్యాడ్ డ్రాఫ్ట్స్‌మన్. ఇప్పుడు రాత్రిళ్లు కూర్చుని ఆటోలిస్ప్ నేర్చుకుంటానంటున్నాడు. అది పాతకాలపు లాంగ్వేజ్, దానికి ఉద్యోగాల్లేవని మా తోడల్లుడు అంటున్నారు. వాళ్లబ్బాయి హైదరాబాద్‌లో పైథాన్, ఏఐ కోర్సు చేస్తున్నాడు. మావాణ్ణి కూడా ఉద్యోగం మాన్పించి ఆ ఆర్నెల్ల కోర్సులో చేర్పిద్దామనుకుంటున్నాం. వాడికి లెక్కలు అంతంతమాత్రం. ఏది మంచిదో వాడికి తెలీదు. రెండింటినీ పోల్చి చెప్పండి.
ఒక తండ్రి, గుడివాడ

జవాబు: ముందుగా, ఉద్యోగం మాన్పించకండి. మిగతాదంతా ఆ తర్వాత మాట్లాడుకుందాం.

ఇలాంటి ఉత్తరాల్లో కోర్సు పేరు మారుతుంటుంది. ఒకప్పుడు జావా, తర్వాత టెస్టింగ్, ఇప్పుడు ఏఐ. లోపలి దిగులు మాత్రం మారదు. పిల్లాడు డిప్లొమా దగ్గరే ఆగిపోయాడు, ఈడువాళ్లు ముందుకెళ్లిపోతున్నారు, గీతలు గీసే పని రేపు కంప్యూటరే చేసేస్తే వీడి గతేంటి? ఆ దిగులు తప్పని నేననను. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే రకం గీతలు గీసే మనిషికి నిజంగానే ముప్పుంది. అయితే ఆ ముప్పును ముందు కనిపెట్టింది మీవాడే. చేత్తో చేసే పనిని కంప్యూటర్‌కు అప్పగించడం నేర్చుకుంటానని తనంతట తానే అడుగుతున్నాడు. అలాంటివాణ్ణి పట్టుకుని "వాడికి తెలీదు" అని రాశారు. అది న్యాయం కాదండీ.

ఆటోలిస్ప్ అంటే ఆటోక్యాడ్ అనే ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్‌కు పనులు పురమాయించే ప్రోగ్రామింగ్ భాష. అది పాతదన్న మాట నిజమే. ఆటోక్యాడ్ 1982లో వచ్చింది, ఆటోలిస్ప్ 1986లో అందులో చేరింది. దానికి మూలమైన లిస్ప్ 1958 నాటిది. అయినా ఎప్పుడో రాసిన చిన్న ప్రోగ్రాములు ఇవాళ్టి ఆటోక్యాడ్‌లో చాలావరకు అలాగే నడుస్తున్నాయి. తక్కువ ధరకు దొరికే ఆటోక్యాడ్ ఎల్‌టీలో ఏళ్ల తరబడి ఆటోలిస్ప్ లేదు, 2024 వెర్షన్‌లో దానికీ ఇచ్చారు. చచ్చిపోయే భాషను ఎవరూ అలా కొత్తగా చేర్చరు. ఆటోక్యాడ్ లాంటివే అయిన బ్రిక్స్‌క్యాడ్, జడ్‌డబ్ల్యూక్యాడ్, జీస్టార్‌క్యాడ్ కూడా లిస్ప్‌ను అర్థం చేసుకుంటాయి. రేపు ఆఫీసు సాఫ్ట్‌వేర్ మార్చినా నేర్చుకున్నది వృథా పోదు.

మీ తోడల్లుడి రెండో మాటలోనూ నిజముంది. "ఆటోలిస్ప్ ప్రోగ్రామర్ కావలెను" అనే ప్రకటన కోసం ఎదురుచూస్తే కళ్లు కాయలు కాస్తాయి. ఇది విడిగా ఉద్యోగం తెచ్చే చదువు కాదు. ఉన్న ఉద్యోగంలో మనిషి విలువ పెంచే పనిముట్టు. ఆ తేడా తెలిసి దిగితే నిరాశ ఉండదు.

ఆ విలువ ఎలా ఉంటుందో మీవాడి పనిలోంచే చూపిస్తాను. లేఔట్‌లో 80 ప్లాట్లున్నాయనుకోండి. ప్రతి ప్లాట్ మధ్యలో అది ఎన్ని గజాలో రాయాలి. చేత్తో అయితే ప్లాట్ హద్దుగా గీసిన గీతను (పాలీలైన్) ఎంచుకుని వైశాల్యం చూడాలి, క్యాలిక్యులేటర్‌లో భాగించాలి, టైపు చేయాలి. అలా 80 సార్లు. యాభయ్యో ప్లాట్ దగ్గర ఒక అంకె తారుమారైతే రిజిస్ట్రేషన్ రోజున గొడవ. అదే ఆటోలిస్ప్‌లో పదిహేను లైన్లలోపు పని: పాలీలైన్‌ను ఎంచుకోమని అడగడం, వైశాల్యం తీసుకోవడం, గజాల్లోకి మార్చడం, ఎక్కడ రాయాలో చుక్క అడగడం, రాయడం. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి మొదటి పాఠం లేదు. జవాబు సరైందో కాదో వాడికి ముందే తెలుసు కాబట్టి.

ఈ చిన్న ప్రోగ్రాములోనే తప్పులన్నీ ఎదురొస్తాయి. మచ్చుకు 30 అడుగులు, 40 అడుగుల ప్లాట్ తీసుకోమనండి. 1200 చదరపు అడుగులు, అంటే 133.33 గజాలు. డ్రాయింగ్‌లో ఆర్కిటెక్చరల్ యూనిట్లు పెట్టి ఉంటే ఒక యూనిట్ అంటే అంగుళం. అప్పుడు ప్రోగ్రాముకు వైశాల్యం 1,72,800గా అందుతుంది. దాన్ని 9తో భాగిస్తే 19,200 గజాలని రాసేస్తుంది. గజానికి 36 అంగుళాలు కాబట్టి 36 x 36, అంటే 1296తో భాగించాలి. మీటర్లలో గీసిన డ్రాయింగైతే 1.196తో గుణించాలి. సరే, 133.33 వచ్చింది. అంకెను అక్షరాలుగా మార్చే ఆర్‌టాస్ ఫంక్షన్‌కు "దశాంశాల్లో, రెండు స్థానాల దాకా" అని చెప్పడం మర్చిపోతే, అది డ్రాయింగ్ యూనిట్లనే పట్టుకుని ప్లాట్ మధ్యలో 11 అడుగుల ఒక అంగుళం చిల్లర అని రాస్తుంది. చూసినవాడికి మతిపోతుంది. ప్రోగ్రాము మాత్రం చెప్పింది చెప్పినట్టే చేసింది.

ఇంకొకటి, ఇది మరీ మోసకారి. టెక్స్ట్ కమాండ్ మామూలుగా చుక్క, ఎత్తు, కోణం, రాయాల్సిన మాట వరసగా అడుగుతుంది. డ్రాయింగ్‌లోని టెక్స్ట్ స్టైల్‌కు ఎత్తు ముందే ఖరారు చేసి ఉంటే ఎత్తు అడగదు. ప్రోగ్రాము పంపిన ఎత్తును కోణంగా తీసుకుంటుంది, కోణం కోసం పంపిన సున్నాను మాటగా రాస్తుంది, చివర్న మిగిలిన "133.33"ను కమాండ్ అనుకుని అలాంటిదేమీ లేదంటుంది. నిన్నటిదాకా బాగా నడిచిన ప్రోగ్రాము వేరే ఆఫీసు నుంచి వచ్చిన డ్రాయింగ్‌లో చెడిపోతే ముందు ఇదే అనుమానించాలి. మందు: టెక్స్ట్ కమాండ్‌ను పిలవకుండా ఎంట్‌మేక్ అనే ఫంక్షన్‌తో ఆ అక్షరాలను నేరుగా సృష్టించడం. అందులో 0 కోడ్ కింద అది టెక్స్ట్ అని, 10 కింద చుక్క, 40 కింద ఎత్తు, 1 కింద రాయాల్సిన మాట ఇస్తాం. 8 కింద లేయర్ (డ్రాయింగ్‌లోని పొర) పేరు. ఈ అయిదారు అంకెలు నోటికొస్తే డ్రాయింగ్ లోపల ఏముందో కనిపించడం మొదలవుతుంది.

పాలీలైన్ మూసి ఉందో లేదో కూడా ప్రోగ్రాము చూడాలి. మూసి లేకపోయినా ఆటోక్యాడ్ మొదటి చుక్కనూ చివరి చుక్కనూ తిన్నగా కలిపేసుకుని వైశాల్యం చెప్పేస్తుంది, తప్పని హెచ్చరించదు. ఆ 30 బై 40 ప్లాట్‌లో నాలుగో మూల పెట్టడం మర్చిపోతే 133.33 బదులు 66.67 గజాలొస్తుంది. ఇది తప్పని గుర్తుపట్టడానికి కోడింగ్ అక్కర్లేదు, ప్లాట్ అంటే ఏంటో తెలియాలి. మీవాడికి అది తెలుసు. ఆర్నెల్ల కోర్సులో నేర్పనిది అదే.

లెక్కలు అంతంతమాత్రం అన్నారు. కావాల్సిన లెక్కలు తక్కువే. కోణాలు డిగ్రీల్లో కాకుండా రేడియన్లలో ఇవ్వాలి. 180 డిగ్రీలంటే π, అంటే 3.1416 రేడియన్లు. నిటారుగా గీత కావాలంటే అందులో సగం, 1.5708. పొరపాటున 90 అని ఇస్తే అది 90 రేడియన్లవుతుంది, గీత 116.6 డిగ్రీల వైపు ఒరిగిపోతుంది. ఇంకో చిక్కు భాగహారంలో. 1ని 2తో భాగించమంటే ఆటోలిస్ప్ సున్నా అంటుంది, రెండూ పూర్ణాంకాలు కాబట్టి. 2.0 అని రాస్తే 0.5 ఇస్తుంది. పదో తరగతి దాటిన ఎవరైనా నేర్చుకోగలరు. కావాల్సింది ఓపిక, అది మీవాడికి ఉందని రాత్రిళ్లు కూర్చోవడమే చెబుతోంది.

ఇక మీ పైథాన్, ఏఐ కోర్సు. పైథాన్ మంచి భాష, దానితో నాకు పేచీ లేదు. ఆర్నెల్లలో సున్నా నుంచి ఏఐ ఇంజినీరును చేస్తామనే హామీతోనే పేచీ. ఏఐ ఉద్యోగాలకు పోటీపడేవాళ్లలో బీటెక్, ఎంటెక్ చదివినవాళ్లుంటారు. అక్కడ మీవాడు వరసలో చివరివాడు. డ్రాఫ్టింగ్ టేబుల్ దగ్గర అదే కుర్రాడు ఆఫీసులో ప్రోగ్రాము రాయగల ఒకే ఒక్కడు కావచ్చు. పక్కింటి పిల్లాడి కోర్సు చూసి మన పిల్లాడికి కొలతలు తీయకండి. వాళ్లబ్బాయికి అది కుదిరితే సంతోషం. మీవాడి ఏడాదిన్నర అనుభవాన్ని తీసి పక్కన పడేయమని మీకెవరు చెప్పారు?

పోలిక అడిగారు కాబట్టి క్లుప్తంగా. ఆటోలిస్ప్ ఆటోక్యాడ్ లోపలే ఉంటుంది, విడిగా ఏదీ కొననక్కర్లేదు. పైథాన్ అలా లోపల ఉండదు, బయటి నుంచి మాట్లాడించాలి. డీఎక్స్‌ఎఫ్ అనే రకం డ్రాయింగ్ ఫైళ్లను ఆటోక్యాడ్ లేకుండానే చదివి రాసే ఈజడ్‌డీఎక్స్‌ఎఫ్ అనే ఉచిత లైబ్రరీ ఉంది, వందల ఫైళ్లలోంచి పరిమాణాలు తీసి పట్టికలో వేయడానికి బాగుంటుంది. ఏడాది తర్వాత వాడికి అది అవసరమవుతుంది, అప్పుడు తనే నేర్చుకుంటాడు. సీ షార్ప్ అనే భాష వీటన్నిటికంటే శక్తిమంతం, జీతాలూ అటే ఎక్కువ. ఉక్కు కట్టడాల డీటెయిలింగ్‌లో వాడే టెక్లా సాఫ్ట్‌వేర్‌ను కూడా దానితోనే మలచుకోవచ్చు. అయితే మొదటి మెట్టుగా కష్టం. పైగా ఆటోక్యాడ్ 2025లో సీ షార్ప్ ప్రోగ్రాములకు ఆధారమైన డాట్‌నెట్ మారి, పాత ప్రోగ్రాములను మళ్లీ తయారుచేయాల్సి వచ్చింది. వీబీఏ అనే పాత భాషతో మొదలుపెట్టమని ఎవరైనా అంటే వద్దనండి, 2010 వెర్షన్ నుంచి అది ఆటోక్యాడ్‌తో కలిసి రావడం లేదు, విడిగా దించుకోవాలి. భవనాల త్రీడీ నమూనాలు చేసే రెవిట్ సాఫ్ట్‌వేర్ ఉన్న ఆఫీసుకు మారితే డైనమో అనే బొమ్మల ప్రోగ్రామింగ్ ఉంటుంది. ఆటోలిస్ప్ వచ్చినవాడికి అందులో లిస్టుల వ్యవహారం కొత్తగా ఉండదు. "బిమ్ (రెవిట్ లాంటివాటితో భవనాన్ని సమాచారంతో సహా నమూనాగా చేసే పద్ధతి) నేర్చుకుంటే చాలు" అన్న మాట కూడా ఈమధ్య గట్టిగానే వినిపిస్తోంది. కట్టడం తెలియకుండా బటన్లు నేర్చుకుంటే అక్కడా అంతే సంగతులు.

ఏఐని అడిగితే అదే కోడ్ రాసిస్తుంది కదా అని మీకు అనిపించవచ్చు. రాసిస్తుంది, వాడుకోమనండి. కానీ లేని ఫంక్షన్లను ఉన్నట్టు రాస్తుంది. గీతను దగ్గర్లోని మూలకు అతికించే ఓస్నాప్ అనే సదుపాయాన్ని ఆపి తిరిగి పెట్టడం మర్చిపోతుంది. ఓస్నాప్ నడుస్తుండగా ప్రోగ్రాము గీసిన గీత మనమిచ్చిన చుక్కను వదిలేసి దగ్గర్లో ఉన్న ఇంకో మూలకు అతుక్కుంటుంది. దూరంగా జూమ్ చేసి ఉన్నప్పుడు ఈ తప్పు ఎక్కువ. దగ్గరికి జూమ్ చేసి చూస్తే మాయమవుతుంది, అందుకే దొరకదు. చదవగలిగినవాడే దాన్ని పట్టుకుంటాడు.

నేర్చుకునే తీరు చెబుతాను. రోజుకు ముప్పావు గంట చాలు. మొదటి వారం ప్రోగ్రాము రాయకుండా కమాండ్ లైన్‌లోనే బ్రాకెట్లతో కూడికలు, భాగహారాలు, చుక్కలు అడగడం. బ్రాకెట్ మూయడం మర్చిపోతే కమాండ్ లైన్‌లో ఎడమ బ్రాకెట్, అండర్‌స్కోర్ కనిపించి ఆగిపోతుంది. అది పాడవడం కాదు, మూసే బ్రాకెట్ కోసం ఎదురుచూడటం. రెండో వారం డిఫన్‌తో సొంత కమాండ్, మూడో వారం ఎస్‌ఎస్‌గెట్‌తో ఒక లేయర్‌లోని పాలీలైన్లన్నీ ఒకేసారి పట్టడం, నాలుగో వారం తప్పు జరిగితే మార్చిన సెట్టింగులన్నీ తిరిగి యథాస్థితికి తెచ్చే ఎర్రర్ ఫంక్షన్. ఈ చివరిది చాలామంది వదిలేస్తారు. మధ్యలో ఎస్కేప్ నొక్కితే ఓస్నాప్ ఆఫ్‌లో ఉండిపోతుంది, పక్క సీటతను గంటసేపు తప్పుగా గీస్తాడు, ఆఫీసులో వీడి ప్రోగ్రాములంటేనే భయపడతారు.

నోట్‌ప్యాడ్‌లో రాసి సేవ్ చేస్తే ఫైలు పేరు చివర టీఎక్స్‌టీ తగులుకోకుండా చూసుకోమనండి. వాట్సాప్‌లోంచి, వర్డ్‌లోంచి కాపీ చేసిన కోడ్‌లో కొటేషన్ గుర్తులు వంకరగా వస్తాయి, ఆటోలిస్ప్ వాటిని ఒప్పుకోదు. ఎవరో పంపిన లిస్ప్ ఫైలును చదవకుండా లోడ్ చేయవద్దు. 2012లో బయటపడ్డ మెడ్రే అనే పురుగు ఆటోలిస్ప్‌లో రాసిందే, డ్రాయింగ్‌లను దొంగిలించి ఈమెయిల్‌లో పంపేది. ఆటోక్యాడ్ హెచ్చరిక చూపిస్తే కళ్లు మూసుకుని సరే నొక్కకూడదు.

ప్రోగ్రాము రాసే ముందు ఆ పని ఉన్న కమాండ్‌తోనే అవుతుందా అని చూసే అలవాటు కూడా కావాలి. నిజానికి గజాలు రాయడానికి ఆటోక్యాడ్‌లో ఫీల్డ్ అనే సదుపాయం ఉంది. అంగుళాల డ్రాయింగ్‌కు గుణకం 0.000771605 ఇస్తే చాలు, ప్లాట్ సైజు మార్చి రీజెన్ (తెరను మళ్లీ గీసే కమాండ్) కొట్టగానే అంకె కూడా మారుతుంది. 80 ప్లాట్లలో ఆ ఫీల్డ్‌ను ఒక్కొక్కటిగా పెట్టడం విసుగు. ప్రోగ్రాము అక్కడ పనికొస్తుంది.

ఈసెట్ రాసి బీటెక్ చేయించాలని ఉంటే అది వేరే ప్రశ్న, అడగదగ్గ ప్రశ్నే. వాడికి ఇష్టముందేమో వాణ్ణే అడగండి. ఈ నాలుగు వారాల పని దానికి అడ్డం రాదు.

ఇప్పటికి ఒక్కటి కనుక్కోండి. ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్నది పూర్తి ఆటోక్యాడా, ఎల్‌టీయా, ఏ వెర్షన్? ఎల్‌టీ 2023 గానీ అంతకుముందుది గానీ అయితే ఆటోలిస్ప్ నడవదు. విద్యార్థులకిచ్చే ఉచిత లైసెన్సు వాడికి వర్తించదు, ఇప్పుడు విద్యార్థి కాదు కాబట్టి. అలాంటప్పుడు కమాండ్లను వరసగా రాసిపెట్టే స్క్రిప్ట్ ఫైళ్లతో మొదలుపెట్టమనండి, అవి ఎల్‌టీలోనూ నడుస్తాయి. అందులో ఒక ఖాళీ అంటే ఒక ఎంటర్ నొక్కినట్టే, చివర్న ఒక్క ఖాళీ ఎక్కువైనా ముందటి కమాండ్ మళ్లీ మొదలవుతుంది. ఆఫీసు డ్రాయింగ్ మీద కాకుండా దాని కాపీ మీదే ప్రయత్నించమనండి.