దెయ్యాల బొమ్మలు వేసే మేనకోడలికి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన బొమ్మల కథ 12 పేజీలూ చూశాను. మొన్న రాత్రి ఒకసారి, నిన్న పొద్దున్న కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ ఒకసారి. ఇంటర్ చదివే పిల్ల, ఏది గీస్తే అది నిజమయ్యే పెన్సిలు, శాంతి లేక తిరిగే దెయ్యాలు. కథ నాకు నచ్చింది. నీ గీతలో బలం ఉంది. చేతులు మరీ బాగా వేస్తున్నావు, చేతులు వెయ్యడం నాకు పట్టుబడేసరికి ఆరేళ్ళు పట్టింది. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను.

ఏడో పేజీలో పిల్ల వల గీస్తుంది, దెయ్యం అందులో చిక్కుతుంది. తొమ్మిదో పేజీలో కత్తి గీస్తుంది. అక్కడే కథ నా చేతిలోంచి జారిపోయింది. వలా కత్తీ ఎవరైనా తెచ్చుకోవచ్చు, వాటికోసం బొమ్మలు వేసే పిల్ల ఎందుకమ్మా? మనకున్న శక్తల్లా చూడటం. కన్నతల్లి కూడా బిడ్డ ముఖాన్ని గంటసేపు కదలకుండా చూడదు, బొమ్మ వేసేవాళ్ళు చూస్తారు. దెయ్యం ఎందుకు తిరుగుతోంది? ఏదో మిగిలిపోయింది కాబట్టి. అదేమిటని దాని ముఖంలోకి చూసి అడిగినవాళ్ళు లేరు కాబట్టి. నీ పిల్ల ఆ పని చెయ్యాలి. బతికున్నప్పుడు ఆ మనిషి ఎలా ఉండేదో అలా గీయాలి.

మీ అమ్మ బైండు చేయించి దాచుకున్న చందమామలు నువ్వు చూశావు కదా. 1947 జూలైలో మొదలైన ఆ పత్రికలో బేతాళ కథలకు ఏళ్ళ తరబడి బొమ్మలు వేసింది శంకర్ గారు. 2020లో, 96 ఏళ్ళ వయసులో పోయారు. ఆ మరుసటి ఏడాది పద్మశ్రీ ప్రకటించారు. ఆయన చేతికే అందించి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ బాధపడతాను. చేతిలో కత్తి, భుజాన శవం, నడుస్తున్న రాజు. ఆ బొమ్మను చిన్నప్పుడు పలక మీద ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. అప్పుడు నా కళ్ళన్నీ కత్తి మీదే. పెద్దయ్యాక తెలిసింది, ఆ కత్తి బేతాళుడి ముందు దేనికీ పనికిరాదని. తెలిసీ జవాబు చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం చెడి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. ఎటు వెళ్ళినా నష్టమే. అన్ని కథలు నడిపింది ఆ ఒక్క నియమం.

నీ పిల్లకూ అలాంటి నియమం ఒకటి పెట్టు. గీయకపోతే ఆ దెయ్యం ఇంట్లోంచి కదలదు. ఉన్నదున్నట్టు గీస్తే వెళ్ళిపోతుంది, కానీ ఆ ముఖం పిల్లకు ఇక జన్మలో మరుపు రాదు. ఇది నాకు తోచింది, నీకు ఇంతకన్నా మంచిది తడితే అదే పెట్టు. గుడిలో విగ్రహానికి కళ్ళు ఆఖర్న తెరుస్తారు, నేత్రోన్మీలనం అంటారు. కళ్ళు తెరిచేదాకా అది రాయే. నీ దెయ్యానికి కూడా మొదటి గడి నుంచీ కళ్ళు వెయ్యకు. ముఖం ఖాళీగా ఉండనీ. పిల్లకు దాని కథ తెలుస్తున్నకొద్దీ ముక్కు, పెదవి, చెంప మీద మచ్చ ఒక్కొక్కటే రావాలి. చివరి గడిలో కళ్ళు.

ఇప్పుడు ఆ తెల్లచీర సంగతి. నీ మూడు దెయ్యాల్లో రెండింటికి తెల్లచీర, విరబోసిన జుట్టు వేశావు. నేనూ వేశాను తల్లీ. నాకు పాతికేళ్ళప్పుడు ఒక వారపత్రికలో దెయ్యాల సీరియల్‌కు బొమ్మలు వేసేవాణ్ణి. వారం వారం అదే ఆడమనిషి, అదే తెల్లచీర. మీ అమ్మకూ నాకూ మేనత్త ఒకావిడ మా ఇంట్లోనే ఉండేది, నువ్వు పుట్టకముందే పోయింది. పంతొమ్మిదో ఏట భర్త పోయాడు, అప్పటినుంచీ తెల్లచీరే. ఒకరోజు బియ్యం ఏరుతూ ఏరుతూ చేట పక్కన పెట్టి, ఆ పత్రిక తీసి చూసింది. "ఒరే, ఇది నేనేనట్రా?" అంది. కోపం లేదు, నవ్వూ లేదు. మళ్ళీ చేట అందుకుంది. నాకు నోట మాట రాలేదు.

ఆవిడ పోయిన పదోరోజు కాలవగట్టున పిండం పెడితే కాకి ముట్టలేదు. చుట్టూ కొబ్బరిచెట్ల మీద కాకులు ఉన్నాయి, ఒక్కటీ దిగదు. మామూలే కదా, ఒక్కొక్కరూ ముందుకొచ్చి మాట ఇవ్వడం మొదలుపెట్టారు. ఆవు దూడను అమ్మబోమని ఒకరు, పెరట్లో జామచెట్టు కొట్టబోమని ఇంకొకరు. నేను మనసులోనే అనుకున్నాను, అత్తా, ఇక నీ చీర దెయ్యానికి కట్టనని. కాసేపటికి కాకి దిగింది. నా మాట విని దిగిందని చెప్పను. ఆ మాట మాత్రం నేను ఇవాళ్టిదాకా తప్పలేదు.

ఆ కాలవగట్టు నీ కథలోకి వస్తే బాగుంటుందని నా ఆశ. పోయినవాళ్ళకు ఏం కావాలో బతికున్నవాళ్ళు తడుముకుంటూ అడగడం మనవాళ్ళకు తరతరాలుగా అలవాటే. నీ పిల్ల అదే ప్రశ్న పెన్సిలుతో అడుగుతుంది.

ఇంకొక్క మాట గట్టిగా చెప్పాలి. నాలుగో పేజీలో ఊరి చివర ఉండే ముసలామె మంత్రగత్తె అనీ, దెయ్యాన్ని పంపింది ఆమే అనీ రాశావు. అది తీసెయ్యి. బాణామతి చేసిందని, చేతబడి చేశాడని అనుమానంతో మన ఊళ్ళలో మనుషుల పళ్ళు ఊడగొట్టారు, చంపారు కూడా. బొమ్మల కథ పసిపిల్లలు చదువుతారు, బొమ్మ మనసులో పడిపోతుంది.

పనితనం సంగతి కొంచెం. దెయ్యం పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయంటారు కదా, నువ్వు వాటిని పెద్దవి చేసి చూపించేశావు. చూపించకు. కళ్ళాపి చల్లిన తడి వాకిట్లో అడుగుల గుర్తులు వెయ్యి, వేళ్ళు గుమ్మం వైపు. ఎవరో లోపలికి వచ్చారని పిల్ల ఇల్లంతా వెతుకుతుంది. పేజీ తిప్పాక తెలియాలి, అవి వచ్చిన అడుగులు కావు, వెళ్ళినవి. రాత్రంతా ఇంట్లోనే ఉంది. ఇలాంటిది బేసి పేజీ అడుగున ఆపి, సరి పేజీ మొదట్లో విప్పు. పుస్తకంలో పేజీ తిరిగేది అక్కడే.

నలుపుకు భయపడుతున్నావు. చీకటి కోసం సన్నగీతలు వందలకొద్దీ గీశావు, చూస్తే బూడిద రంగులా ఉంది. మా రోజుల్లో అచ్చు వెయ్యడానికి జింకు బ్లాకులు, న్యూస్‌ప్రింట్ కాగితం. గీతలు దగ్గర దగ్గరగా వేస్తే సిరా పాకి ముద్దయిపోయేది. అందుకని నలుపు ఒకేచోట గట్టిగా పోసి, మిగతా కాగితం వదిలేసేవాళ్ళం. నీ ట్యాబ్‌లో సిరా పాకదు, అయినా ఈ పద్ధతి పట్టుకో. తలుపు వెనక ఒక్క నల్లటి ముక్క చాలు.

మాటల బుడగలు ఇరుకుగా ఉన్నాయి. ముందు మాటలు రాసుకో, తర్వాత వాటి చుట్టూ బుడగ గీయి. మన అక్షరాలు పైకీ కిందకీ పెరుగుతాయి. "స్త్రీ" అని రాస్తే చాలు, పైన గుడి దీర్ఘం, కింద రెండు వత్తులు. నీ ఐదో పేజీలో ఆ వత్తు కింది లైనులోని గుడిని గుద్దేసింది. కుదిరితే దెయ్యం మాటలు చేత్తో రాయి, మిగతావాళ్ళవి ఫాంటులో ఉండనీ.

ఏడో పేజీ మళ్ళీ వేసి, ప్రింటు తీయించి పోస్టులో పంపు. ఫోన్‌లో వద్దు, నలుపు ఎంత నల్లగా ఉందో నాకు అందులో తెలియడం లేదు. వల తీసేశాక పిల్ల చేతులు ఏం చేస్తున్నాయో చూడాలని ఉంది.

నీ పెదమామయ్య