వైరస్ తలలోకి డీఎన్ఏ ఎలా చేరుతుంది?

ప్రశ్న: బాక్టీరియాకు సోకే వైరస్‌లలో డీఎన్ఏ చుట్టూ తల ఏర్పడుతుందా, లేక ముందు ఖాళీ తల తయారై, తర్వాత దానిలోకి డీఎన్ఏ చేరుతుందా?
– ఇంటర్మీడియట్ విద్యార్థిని, తెనాలి

జవాబు: తోక ఉండే బాక్టీరియోఫేజ్‌లలో (బాక్టీరియాకు సోకే వైరస్‌లలో) మీరు చెప్పిన రెండో పద్ధతే జరుగుతుంది. ముందు ప్రొటీన్లతో ఖాళీ తల కట్టుకుంటుంది. ఆ తర్వాతే దాని ఒక కొనన ఉన్న ద్వారం గుండా డీఎన్ఏ లోపలికి వెళుతుంది. మట్టిలో బతికే బాసిల్లస్ సబ్టిలిస్ అనే బాక్టీరియాకు సోకే ఫై29 వైరస్‌నే చూడండి. దాని డీఎన్ఏలో సుమారు 19,300 క్షార జతలు (డీఎన్ఏ నిచ్చెనలో మెట్ల లాంటివి) ఉంటాయి. చాచి కొలిస్తే 6.6 మైక్రోమీటర్లు వచ్చే ఆ పోగు, 54 నానోమీటర్ల పొడవున్న తలలో, అంటే తనకంటే 120 రెట్లు పొట్టిదైన చోటులో ఇమడాలి. పైగా డీఎన్ఏ అంత తేలిగ్గా వంగదు, దాని మీది రుణావేశాలు ఒకదానినొకటి వికర్షించుకుంటాయి. అందువల్ల అది తనంతట తాను లోపలికి పోదు; బలంగా నెట్టవలసిందే.

ఆ పని చేసేది ద్వారం దగ్గర వలయంగా అమరి, కణానికి ఇంధనంలాంటి ఏటీపీ అణువులను ఖర్చు చేస్తూ నడిచే ప్రొటీన్ మోటారు. ఫై29లో ఈ ప్రొటీన్లతోపాటు ఒక ఆర్ఎన్ఏ వలయం కూడా ఉండటం నిజంగా అరుదైన విశేషం. 2001లో అమెరికాలోని బర్క్‌లీలో శాస్త్రవేత్త కార్లోస్ బుస్తమాంతే బృందం లేజర్ కాంతితో ఒక్కొక్క డీఎన్ఏ పోగునూ పట్టి లాగుతూ ఈ మోటారు బలాన్ని కొలిచింది. కండరాలను కదిలించే ఒక్క మయోసిన్ అణువు చూపే బలం కొన్ని పికోన్యూటన్లే (పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లవ వంతు) కాగా, ఇది 57 పికోన్యూటన్ల దాకా ఎదురు బలాన్ని తట్టుకుని డీఎన్ఏను లోపలికి లాగింది. మొదట్లో సెకనుకు దాదాపు 100 క్షార జతల వేగంతో సాగిన పని, తల సగం నిండిన తర్వాత క్రమంగా మందగించింది. చివరికి లోపలి ఒత్తిడి వాతావరణ పీడనానికి 60 రెట్ల దాకా ఉంటుందని అంచనా. కొత్త బాక్టీరియాలోకి డీఎన్ఏ దూసుకుపోవడం మొదలవడానికి ఈ ఒత్తిడే తోడ్పడుతుంది.

ఈ. కోలై అనే బాక్టీరియాకు సోకే టీ4 వైరస్ మోటారు ఇంకా చురుకైనది, సగటున సెకనుకు 700 క్షార జతలు. టీ4లో డీఎన్ఏ ప్రతులు వరుసగా కలిసిన పొడవైన పోగుగా లోపలికి వెళతాయి; కొలత ప్రకారం కాక, తల నిండినప్పుడే ఆ పోగు తెగుతుంది. సాల్మొనెల్లా బాక్టీరియాకు సోకే పీ22 వైరస్ కూడా ఇలాగే నింపుకుంటూ, అప్పుడప్పుడు తన డీఎన్ఏకు బదులు బాక్టీరియా డీఎన్ఏ ముక్కను ఎక్కించుకుంటుంది. ఒక బాక్టీరియా జన్యువులు మరొకదానికి చేరే దారుల్లో ఇదొకటని 1952లోనే శాస్త్రవేత్తలు జిండర్, లెడర్‌బర్గ్ చూపించారు.