ఎర్రాకుల మధ్య గోల్ఫ్ ఆడాలనుంది, ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: నాకు 63 ఏళ్లు. పోర్టులో పనిచేసి 2023 మధ్యలో రిటైరయ్యాను. ఎంవీపీ కాలనీలో సొంత ఫ్లాటు ఉంది, అప్పుల్లేవు. పెన్షన్ నెలకు 52 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు 46 వేలు దాటదు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో 30 లక్షలు, బ్యాంకు ఎఫ్‌డీల్లో 18 లక్షలు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో 9 లక్షలు, సేవింగ్స్ ఖాతాలో 1.30 లక్షలు ఉన్నాయి. స్కీమ్ మీద ఇప్పటిదాకా వచ్చిన వడ్డీ ఫ్లాటు మరమ్మతులకూ అమ్మాయి పురుడుకూ అయిపోయింది. ఎఫ్‌డీల్లో 2 లక్షలది ఆగస్టులో మెచ్యూర్ అవుతుంది. పదేళ్లుగా ముడసర్లోవ కోర్సులో గోల్ఫ్ ఆడుతున్నాను. మాతో ఆడేవాళ్లు నలుగురు వచ్చే నవంబరులో జపాన్ వెళ్దామంటున్నారు. ఎర్రబడిన మేపుల్ చెట్ల మధ్య 4 రౌండ్లు, మొత్తం 8 రోజులు, మనిషికి 4.25 లక్షలు. మార్చిలో 40 శాతం, సెప్టెంబరులో మిగతాది కట్టాలి. ఏజెంటు ఈఎంఐ కూడా ఉందంటున్నాడు. హైదరాబాద్‌లో ఉన్న మా అబ్బాయి ఆ డబ్బు తాను ఇస్తానంటున్నాడు. మా ఆవిడ గోల్ఫ్ ఆడదు, ‘మీరు వెళ్లి రండి’ అంటోంది. డిపాజిట్ తీయనా, ఫండ్లు అమ్మనా, లోన్ తీసుకోనా? ఈ వయసులో ఆకులు చూడటానికి ఇంత ఖర్చు పెడితే దుబారా అవుతుందా?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: వెళ్లండి. డిపాజిట్ తీయకండి, ఫండ్లు అమ్మకండి, ఈఎంఐ మాట ఎత్తకండి. ఆగస్టులో మెచ్యూర్ అయ్యే 2 లక్షల ఎఫ్‌డీ తప్ప మీ అసలు కదలకుండానే ఈ ప్రయాణం అవుతుంది. ఎలాగో చెప్పే ముందు, చివర్లో మీరు అడిగిన మాటకు జవాబు చెప్పాలి. మీ ఉత్తరంలో మిగతావన్నీ లెక్కలే, మీ మనసులో ఉన్న టెన్షన్ మాత్రం అదే.

దుబారా అంటే రేపటి అవసరానికి దాచిన డబ్బు ఇవాళ తీసి ఖర్చు పెట్టడం. మీ పెన్షన్‌తో ఇల్లు గడిచిపోతోంది. సీనియర్ సిటిజన్ స్కీమ్ మీద మీకు 8.2 శాతం వడ్డీ ఖాయమైంది, అయిదేళ్లూ మారదు. 30 లక్షల మీద ఏడాదికి 2.46 లక్షలు, అంటే మూడు నెలలకోసారి 61,500 రూపాయలు. ఇది ఇంటి ఖర్చుకు అక్కర్లేని డబ్బు. ఇంకోటి కూడా ఆలోచించండి. 18 హోల్స్ నడిచి ఆడటానికి మోకాళ్లు సహకరించాలి. ఎఫ్‌డీని రెన్యూ చేసుకోవచ్చు, మోకాళ్లను చేసుకోలేం. కలిసి ఆడే నలుగురూ ఆరోగ్యంగా, ఒకే నెలలో, ఒకే ఖర్చుకు ఒప్పుకుని బయల్దేరడం ఏటా కుదరదు. అలాంటి అవకాశం వచ్చినప్పుడు వెళ్లమనే నా ఖాతాదారులకు చెబుతాను.

పైగా మీరు కోరుకునేది మన ఊళ్లో దొరికేది కాదు. జపాన్లో ఆకులు ఎర్రబడే శరత్కాలంలో మనకు వర్షాలు పోతూ ఉంటాయి, కార్తిక దీపాలు పెడుతూనే తుపాను హెచ్చరికలు వింటుంటాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఒక్క రోజులో ఊరి చెట్లను ఎలా పడగొట్టిందో మీరూ చూసే ఉంటారు. మనకు ఆకు రాలేది శిశిరంలో. జనవరి, ఫిబ్రవరి నెలల్లో వీధుల్లో బాదం చెట్ల ఆకులు ఎర్రగా మారి రాలతాయి చూడండి, మనకున్న ఎర్రాకు అదే. నాకు చాలా ఇష్టమైన దృశ్యం అది. కానీ ఒక కొండవాలు మొత్తం ఆ రంగుకు తిరిగితే దాని మధ్య నిలబడి బంతి కొట్టాలన్న కోరిక బాదం చెట్టుతో తీరదు.

ఇక డబ్బు. ఏజెంటు చెప్పిన 4.25 లక్షలకు మీ సొంత ఖర్చు ఇంకో 75 వేలు కలపండి. ప్రయాణ బీమా, వీసా, చలి బట్టలు, గోల్ఫ్ బ్యాగుకు విమానం వాళ్లు తీసుకునే చార్జీ, చేతి ఖర్చు అందులో వస్తాయి. మొత్తం 5 లక్షలు అనుకుందాం. జనవరి 1న 61,500 వస్తుంది. దానికి సేవింగ్స్ ఖాతా నుంచి 1,08,500 కలిపితే మార్చిలో కట్టాల్సిన 1.70 లక్షలు సరిపోతాయి. ఏప్రిల్, జులై వడ్డీలు కలిసి 1.23 లక్షలు. ఆగస్టులో మెచ్యూర్ అయ్యే 2 లక్షల ఎఫ్‌డీని రెన్యూ చేయకండి. ఈ 3.23 లక్షల్లోంచి సెప్టెంబరులో 2.55 లక్షలు కట్టేస్తే 68 వేలు మిగులుతాయి. అక్టోబరు 1న వచ్చే 61,500 కూడా చేరితే మీ చేతిలో 1,29,500 ఉంటాయి. సొంత ఖర్చు 75 వేలు పోను 54,500 మిగులు. అది తిరిగి సేవింగ్స్ ఖాతాలోకి వెళ్లాలి. మధ్యలో కొన్ని నెలలు ఆ ఖాతాలో 21,500 మాత్రమే ఉంటాయి కాబట్టి, అప్పుడు అత్యవసరం వస్తే ఏ ఎఫ్‌డీ తీయాలో ఇప్పుడే అనుకుని పెట్టుకోండి. అన్నిట్లో చిన్నది ఏదైతే అది.

30 లక్షల డిపాజిట్ ఎందుకు ముట్టుకోవద్దంటున్నానంటే, రెండేళ్లు దాటిన ఖాతాను గడువుకు ముందే మూస్తే అసలులో 1 శాతం కోస్తారు. మీకు అది 30 వేలు. అందులోంచి కొంత తీసుకుని మిగతాది ఉంచుకునే వీలు కూడా లేదు, ఖాతా మొత్తం మూయాల్సిందే. ఫండ్ల జోలికీ పోవద్దు. ఆ 9 లక్షలు మీకు 75 ఏళ్లు వచ్చాక పనికొచ్చే డబ్బు. అమ్మితే ఏడాదికి 1.25 లక్షలు దాటిన దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం పన్ను కూడా పడుతుంది. లోన్ గురించి చెప్పేదేముంది? తిరిగొచ్చాక రెండేళ్లపాటు ఈఎంఐ కడుతుంటే, ఆ ఫొటోలు చూసినప్పుడల్లా మీకు ఆకులు కాదు, కిస్తీ తేదీ గుర్తొస్తుంది.

ఏజెంటును ఒక మాట అడగండి: 4.25 లక్షల్లో టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను) కలిసి ఉందా, విడిగా వేస్తారా? విదేశీ ప్యాకేజీ అమ్మేవాళ్లు ఇది వసూలు చేయాలి. రేటు బడ్జెట్‌లో మారుతూ ఉంటుంది కాబట్టి డబ్బు కట్టే రోజున ఎంతుందో అడిగి రాయించుకోండి. ఇది ఖర్చు కాదు, మీ పాన్ మీద జమయ్యే ముందస్తు పన్ను. పెన్షన్, స్కీమ్ వడ్డీ, ఎఫ్‌డీ వడ్డీ అన్నీ కలిపినా మీ ఏడాది ఆదాయం 10 లక్షల దరిదాపుల్లోనే ఉంటుంది. 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయం ఉన్నవారికి పన్ను పడటం లేదు. కాబట్టి రిటర్న్ వేస్తే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. వేయకపోతే రాదు. పన్ను లేదు కదా అని రిటర్న్ వేయడం మానేసిన పెద్దవాళ్లను చాలామందిని చూశాను, మీరు ఆ పొరపాటు చేయకండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయానికి వస్తాను. మీరు డబ్బు కట్టేది ఆకుల రంగు కోసం. ఆ రంగు క్యాలెండర్ చూసి రాదు. రాత్రులు చల్లబడేకొద్దీ ఆకులో పచ్చదనం విరిగిపోతుంది, లోపల ఉన్న పసుపు బయటపడుతుంది. మేపుల్ లాంటి చెట్లలో పగటి ఎండకూ రాత్రి చలికీ ఎరుపు కొత్తగా తయారవుతుంది. చలి ఆలస్యమైతే రంగూ ఆలస్యమే. జపాన్లో ఈ రంగు ఉత్తరం నుంచి దక్షిణానికి, కొండల మీద నుంచి కిందికి దిగుతుంది. హొక్కైడో కొండల మీద సెప్టెంబరులో మొదలై, కింద నవంబరు మొదట్లోకల్లా అయిపోవస్తుంది. క్యోటో వైపు నవంబరు రెండో సగంలో గాని నిండుగా పండదు. నా ఖాతాదారు ఒకరు అక్టోబరు 20న క్యోటో వెళ్లి నిగనిగలాడే పచ్చాకులు చూసి వచ్చారు. ఏజెంటు ఇచ్చిన కాగితంలో ‘శరత్కాల విహారం’ అని రాసుంది, తేదీ ఎవరూ అడగలేదు. పోయింది మూడున్నర లక్షలు.

అందుకని మార్చిలో డబ్బు కట్టకముందే నాలుగు రౌండ్లూ ఏ ప్రాంతంలో, ఏ తేదీల్లో, ఎంత ఎత్తులో ఉన్న కోర్సుల్లో ఆడిస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. నవంబరు అంటే సరిపోదు. మొదటి వారమా, మూడో వారమా తేలాలి. అన్నీ ఒకే ఎత్తులో కాకుండా రెండు కొండ మీద, రెండు కింద ఉంటే రంగు ముందొచ్చినా వెనకొచ్చినా సగమైనా దక్కుతుంది. తేదీ మార్చుకోగలిగే టికెట్టుకు కొంచెం ఎక్కువ అడిగితే ఇవ్వండి. ఈ మొత్తం ఖర్చులో నేను బేరం ఆడవద్దని చెప్పేది ఆ ఒక్క చోటే. వీసా రాకపోతే, మీకు ఒంట్లో బాగోకపోతే ఎంత వెనక్కిస్తారో కూడా అందులోనే రాయించండి.

నవంబరులో అక్కడ సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే పొద్దు గుంకుతుంది. 9 హోల్స్ తర్వాత భోజనానికి ఆగడం జపాన్ కోర్సుల ఆనవాయితీ. ఉదయం తొందరగా మొదలయ్యే టైము ఇప్పించకపోతే డబ్బు కట్టిన చివరి హోల్స్ చీకట్లో పోతాయి. ముడసర్లోవలో తెల్లవారుజామునే మొదలుపెట్టే మీకు అది కష్టం కాదు. రాలిన ఆకుల్లో బంతి వెతకడం మాత్రం కొత్త. 2019 నుంచి నిబంధనల ప్రకారం వెతకడానికి 3 నిమిషాలే. బంతి దొరికాక చుట్టూ ఉన్న ఆకులను తీసేయవచ్చు గాని, తీసేటప్పుడు గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద కాకుండా వేరే చోట బంతి కదిలిందా, ఒక స్ట్రోక్ పెనాల్టీ. ఖరీదైన బంతులు ఇంట్లో పెట్టి మామూలువి రెండు డజన్లు తీసుకెళ్లండి, ఎరుపూ నారింజా రంగువి వద్దు. గోల్ఫ్ బ్యాగును ఎయిర్‌పోర్టు నుంచి కోర్సుకు, కోర్సు నుంచి హోటల్‌కు చేర్చే కొరియర్ సదుపాయం అక్కడ బాగుంటుంది. నడుము నొప్పితో పోలిస్తే ఆ చార్జీ చవక. కోర్సులో ఆడినందుకు కట్టే స్థానిక పన్ను 70 నిండినవారికి ఉండదు. మీ బృందంలో అలాంటివారుంటే పాస్‌పోర్టు చూపించి అడగమనండి, చిన్న మొత్తమే అయినా హక్కు హక్కే.

కార్డు గీకేటప్పుడు రూపాయల్లోనా, యెన్లలోనా అని మెషీన్ అడిగితే యెన్లే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లకు నచ్చిన మారకం రేటు వేస్తారు. బీమా ఫారంలో బీపీ, షుగర్ ఏమున్నా దాచకుండా రాయండి. దాస్తే క్లెయిమ్ ఆగిపోతుంది, జపాన్ ఆసుపత్రి బిల్లు మీ ఎఫ్‌డీలను మింగేస్తుంది.

మీ శ్రీమతి గారి విషయం. ‘మీరు వెళ్లి రండి’ అని ఆమె మనస్ఫూర్తిగానే అని ఉండొచ్చు. కానీ రిటైరయ్యాక ఇద్దరి డబ్బులోంచి మొదటి పెద్ద ఖర్చు ఒక్కరి కోసమే అయితే, రెండోది ఆమె కోసమని అప్పుడే రాసిపెట్టాలి. గోల్ఫ్ లేకుండా ఆమె 8 రోజులు క్లబ్ హౌసుల్లో కూర్చోవాలని నేను అనను. ఆ పై ఏడాది శరత్తులో ఇద్దరూ శ్రీనగర్ వెళ్లండి. అక్కడ అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా చినార్లు పసుపు, రాగి, ఎరుపు రంగుల్లోకి మారతాయి. నసీం బాగ్‌లో, నిషాత్, షాలిమార్ తోటల్లో ఆమె ఆ చెట్ల కింద తిరగవచ్చు. జబర్వాన్ కొండల కింద రాబర్ట్ ట్రెంట్ జోన్స్ జూనియర్ రూపొందించిన రాయల్ స్ప్రింగ్స్ కోర్సులో మీరు ఒక రౌండ్ వేయవచ్చు. ఒక్కటే, నాలుగు కాదు. జపాన్‌కు మీ ఒక్కరికయ్యే ఖర్చులో సగం లోపే ఇద్దరికీ సరిపోతుందని నా అంచనా. 2025 ఏప్రిల్లో పహల్గాం దాడి జరిగింది కాబట్టి, బుక్ చేసే ముందు అక్కడి పరిస్థితి కనుక్కుని, రద్దు చేసుకోగలిగే గదులే తీసుకోండి.

మీ అబ్బాయి ఇస్తానన్న డబ్బు వద్దనకండి. పెంచిన చేతులకు ఏదైనా ఇవ్వాలన్న ఆశ పిల్లలకూ ఉంటుంది. జపాన్ మీ సొంత డబ్బుతో వెళ్లండి, కాశ్మీరుకు వాళ్లమ్మ టికెట్టూ హోటలూ అతన్ని పెట్టమనండి. మిగతాది ఆ ఏడాది వడ్డీలో సగంతో అవుతుంది. మిగిలిన సగం ఎఫ్‌డీగా వేసి, ఇప్పుడు తీసిన 2 లక్షలను రెండేళ్లలో తిరిగి నింపేయండి.

మీరు అడగలేదు గాని, విమానం ఎక్కేలోపు ఒక పని చేయాలి. ఎఫ్‌డీలన్నీ మీ ఒక్కరి పేరునే ఉంటే ఆమె పేరు కూడా చేర్చి ‘ఐదర్ ఆర్ సర్వైవర్’గా (గడువు తీరాక ఇద్దరిలో ఎవరైనా, ఒకరు లేకపోతే రెండోవారు తీసుకునేలా) మార్పించండి. స్కీమ్ ఖాతాకు నామినీగా ఎవరున్నారో చూడండి. పాస్‌బుక్కులు, బాండ్లు, బీమా కాగితాలు ఏ బీరువాలో ఉన్నాయో ఆమెకు చూపించండి. మీరు ఊళ్లో లేని 8 రోజుల్లో ఆమెకు డబ్బు కావాల్సొస్తే ఎవరినీ అడగాల్సిన పని ఉండకూడదు. ఆ కాగితాలు ముందేసుకుని కూర్చున్న రోజే కాశ్మీరు మాట కూడా ఎత్తండి. ‘వస్తావా’ అని అడిగితే ‘చూద్దాంలెండి’ అంటారు. అక్టోబరు 28న బయల్దేరుతున్నాం, నీకు కిటికీ సీటు తీసుకోనా అని అడగండి.